హరేమ్ రొమాన్స్ మాంగా: స్కూలు వయసు దాటినవాళ్లు ఏది చదవాలి?

స్కూలు కథలు కాకుండా, కాస్త వయసొచ్చిన మనుషులుండే హరేమ్ రొమాన్స్ మాంగా (ఒకే హీరోని చాలామంది అమ్మాయిలు ఇష్టపడే జపనీస్ బొమ్మల కథ) ఏదైనా చెప్పమని ఎవరైనా అడిగితే నేను మూడు పేర్లు చెబుతాను. మెజోన్ ఇక్కోకు, ఐ యోరి అఓషి, రెంట్-ఎ-గర్ల్‌ఫ్రెండ్. మూడింటిలోనూ హీరో కాలేజీ వయసువాడే. మూడింటిలోనూ అతన్ని ఇష్టపడే ఆడవాళ్లు ఒకరికి మించి ఉంటారు. కానీ వీటిలో ఒకటి నచ్చినవాళ్లకి ఇంకొకటి కూడా నచ్చుతుందని చెప్పలేను. ఒక్కొక్కటీ పాఠకుడి దగ్గర ఒక్కో రకం ఓపిక అడుగుతుంది. మీ దగ్గర ఏ రకం ఓపిక ఉందో తెలిస్తే ఎంపిక తేలిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి కథ బాగుందో లేదో తేల్చుకోవాలంటే హీరో చివరికి ఎవరిని ఎంచుకున్నాడని చూస్తే సరిపోదు. అతను పక్కన లేనప్పుడు ఆ అమ్మాయిలు ఏం చేస్తున్నారో చూడాలి. వాళ్లకంటూ ఒక పని, ఒక కుటుంబం, ఒక కోపం ఉన్నాయా? మనకి ఇదేమీ కొత్త కొలమానం కాదు. శ్రీకృష్ణుడికి ఎనిమిదిమంది పట్టపురాణులు ఉన్నా మన నాటకాల్లో, కూచిపూడిలో సత్యభామ అంతగా నిలిచిపోయిందంటే, ఆ అలకా ఆ పట్టుదలా పూర్తిగా ఆమె సొంతం కాబట్టే. హరేమ్ మాంగాలో చాలా వరకు దెబ్బతినేది ఇక్కడే. బాగున్నవి బాగున్నదీ ఇక్కడే.

"పెద్దల మాంగా" అన్న ముద్రని నమ్మి కొనకండి

పెద్దవాళ్ల మాంగా కావాలని వెతికేటప్పుడు మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. కథ ఏ పత్రికలో వచ్చింది, పాత్రల వయసెంత, శృంగారం పాలు ఎంత. ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉండవు.

జపాన్‌లో ఎక్కువ మాంగాలు ముందు పత్రికలో సీరియల్‌గా వచ్చి, తర్వాత సంపుటాలుగా పుస్తకం అవుతాయి. కుర్రాళ్ల పత్రికల్లో వచ్చేవాటిని షోనెన్ అనీ, యువకులకీ పెద్దవాళ్లకీ ఉద్దేశించినవాటిని సెయినెన్ అనీ అంటారు. మెజోన్ ఇక్కోకు బిగ్ కామిక్ స్పిరిట్స్‌లో, ఐ యోరి అఓషి యంగ్ ఆనిమల్‌లో వచ్చాయి. రెండూ సెయినెన్ పత్రికలు. రెంట్-ఎ-గర్ల్‌ఫ్రెండ్ వస్తున్నది వీక్లీ షోనెన్ మ్యాగజీన్‌లో, అంటే కుర్రాళ్ల పత్రికలో. కానీ అందులో ముఖ్య పాత్రలు కాలేజీ విద్యార్థులు. దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 2019 డిసెంబరు నుంచి వీక్లీ యంగ్ జంప్‌లో వస్తున్న 100 గర్ల్‌ఫ్రెండ్స్ సెయినెన్ పత్రికది, పాత్రలేమో హైస్కూలు పిల్లలు.

కాబట్టి ముద్ర చూసి నిర్ణయించుకోవద్దు. ఈ వ్యాసంలో నేను "వయసొచ్చిన" అన్నప్పుడల్లా పాత్రల వయసూ, వాళ్ల సమస్యల వయసూ దృష్టిలో పెట్టుకుని అంటున్నాను. అద్దె, ఉద్యోగం, పెళ్లి, చావు లాంటివి కథలోకి వస్తున్నాయా అన్నదే నాకు ముఖ్యం.

ఈ తరహాకి ఉన్న పెద్ద జబ్బు

సాగదీత. దీనికి కారణం రచయితల చేతకానితనం అని చాలామంది అనుకుంటారు గానీ, అసలు కారణం అచ్చయ్యే పద్ధతిలో ఉంది. వారపత్రికలో కథ అమ్ముడవుతున్నంత కాలం నడుస్తుంది. హీరో ఒకరిని ఎంచుకున్న రోజున కథ అయిపోయినట్టే. పైగా మిగతా హీరోయిన్లని ఇష్టపడే పాఠకులు అందరూ ఒకేసారి దూరమవుతారు. అందుకని హీరోకి మనసులో మాట చెప్పే సందర్భం వచ్చిన ప్రతిసారీ ఫోన్ మోగుతుంది, ఎవరో తలుపు తడతారు, రైలు వచ్చేస్తుంది. రెండు మూడు సంపుటాలకే ఈ పద్ధతి పాఠకుడికి అర్థమైపోతుంది. ఆ తర్వాత కూడా చదివించాలంటే "ఎవరు?" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు.

దీన్నుంచి బయటపడే దారులు కొన్ని ఉన్నాయి. కథలో కాలాన్ని నిజంగా నడిపించి మనుషుల్ని పెరగనివ్వడం ఒకటి. జంట ఎవరో మొదట్లోనే తేల్చేయడం ఇంకొకటి. ఏమీ తేల్చకుండా, తేలకపోవడాన్నే కథగా చేసుకోవడం మరొకటి. నేను చెప్పిన మూడు మాంగాలూ వరసగా ఈ మూడు దారుల్లో నడిచాయి.

మెజోన్ ఇక్కోకు

రుమికో తకహాషి 1980 నుంచి 1987 దాకా గీసిన మాంగా ఇది. మొత్తం 15 సంపుటాలు. యూనివర్సిటీ ఎంట్రన్స్ తప్పి మళ్లీ చదువుతున్న గొదాయ్ యూసాకు అనే కుర్రాడు, ఇక్కోకు-కాన్ అనే పాతబడిన అద్దె ఇంట్లో ఐదో నంబరు గదిలో ఉంటాడు. పక్క గదులవాళ్లు రాత్రిళ్లు అతని గదిలోనే చేరి తాగి పాటలు పాడి చదువుకోనివ్వరు. విసిగి ఖాళీ చేసి వెళ్లిపోదామనుకున్న రోజున కొత్త మేనేజరు వస్తుంది. పేరు ఒతోనాషి క్యోకో. ఇరవైల్లో ఉన్న మనిషి. గొదాయ్ ఆగిపోతాడు. ఆమె భర్త సోయిచిరో పెళ్లయిన ఏడాది లోపే చనిపోయాడన్న సంగతి అతనికి తర్వాత తెలుస్తుంది. ఆమె పెంచుకునే తెల్ల కుక్క పేరు కూడా సోయిచిరోయే.

దీన్ని హరేమ్ అనొచ్చా అని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది, ఎందుకంటే ఇక్కడ వరస రెండు వైపులా ఉంటుంది. గొదాయ్‌ని కొజుఎ అనే అమ్మాయి ప్రేమిస్తుంది, యగామి అనే స్కూలు విద్యార్థిని వెంటపడుతుంది. క్యోకో కోసం మితాకా అనే డబ్బున్న టెన్నిస్ కోచ్ కాచుకుని ఉంటాడు. మితాకా అందగాడు, మర్యాదస్తుడు, క్యోకోకి అన్ని విధాలా మంచి సంబంధం. అతని ఇబ్బంది ఒక్కటే, కుక్కలంటే ప్రాణం పోయేంత భయం. ప్రత్యర్థిని దుర్మార్గుడిగా చూపించి హీరోని తేలిగ్గా గెలిపించే పని తకహాషి చేయలేదు. ఒక అద్దె ఇంట్లో పేద విద్యార్థి, చుట్టూ ఆడవాళ్లు అన్న ఏర్పాటుని తర్వాత వచ్చిన హరేమ్ కథలు చాలా వాడుకున్నాయి గనుక, ఈ తరహాని అర్థం చేసుకోవాలన్నా మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

దీని అసలు బలం కాలం. పత్రికలో ఏడేళ్లు నడిస్తే కథలోనూ దాదాపు అంతే కాలం నడుస్తుంది. ఎండాకాలం వస్తుంది, మంచు పడుతుంది, కొత్త సంవత్సరం వస్తుంది, మళ్లీ పరీక్షలు వస్తాయి. గొదాయ్ ఒక మామూలు యూనివర్సిటీలో చేరతాడు. చదువు అయ్యాక ఉద్యోగం దొరకదు. దొరికిందనుకున్న కంపెనీ అతను చేరకముందే దివాలా తీస్తుంది. పిల్లల్ని చూసుకునే పనిలో పడి, అక్కడా ఉద్యోగం పోయి, ఒక క్యాబరేలో పనిచేస్తూ అక్కడి ఆడవాళ్ల పిల్లల్ని చూసుకుంటాడు. ఆ పని తనకి నిజంగా చేతనవుతుందని అతనికి తెలిసేది అప్పుడే. ఆ భాగాలు చదువుతుంటే ఇది ప్రేమకథ అన్న సంగతి కాసేపు మర్చిపోతాం. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఇంటివాళ్లకి ఏం చెప్పాలో తెలియక తిరిగిన ఎవరికైనా గొదాయ్ బాగా తెలిసిన మనిషిలా అనిపిస్తాడు.

క్యోకో పాత్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. హరేమ్ కథల్లో హీరోయిన్ నిర్ణయం తీసుకోకపోవడానికి కారణం మామూలుగా సిగ్గు, లేదా అపార్థం. క్యోకోకి ఉన్న కారణం వేరే. ఇంకొకరిని ప్రేమిస్తే, చనిపోయిన మనిషి మీద తన ప్రేమ అబద్ధం అయిపోతుందేమోనని ఆమె భయం. మామగారే ఆమెని మళ్లీ జీవితం మొదలుపెట్టమంటారు, అమ్మానాన్నలు పెళ్లి చేసుకోమని పోరు పెడతారు, ఆమె మాత్రం ఆ ఇంటిపేరు వదల్లేదు. దానికి తోడు ఆమెకి విపరీతమైన అసూయ, మొండితనం. గొదాయ్ ఇంకో అమ్మాయితో కనిపిస్తే వారం రోజులు మాట్లాడదు, ఎందుకు కోపమో తనకి తానే ఒప్పుకోదు. రచయిత్రి ఆమెని దేవతని చేయలేదు. అందుకే ఆమె బతికున్న మనిషిలా ఉంటుంది. ముగింపు ఏమిటో నేను చెప్పను. సోయిచిరో అనే చనిపోయిన మనిషిని పక్కకి నెట్టేయకుండా కథ అతన్ని ఎలా లెక్కలోకి తీసుకుందో చూడడానికైనా చివరి సంపుటం దాకా వెళ్లండి.

లోపాలు లేకపోలేదు. సెల్‌ఫోన్ లేని కాలం కాబట్టి ఒక్క మాట సరిగ్గా అందక పుట్టే అపార్థాలు లెక్కలేనన్ని వస్తాయి. మధ్య సంపుటాల్లో ఇవి నిజంగా విసుగు పుట్టిస్తాయి. పక్క గదులవాళ్ల అల్లరి మొదట నవ్విస్తుంది, తర్వాత తర్వాత ఈ మనుషులకి జాలి లేదా అనిపిస్తుంది. గోడకి కన్నం పెట్టి దూరిపోయే యొత్సుయా నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు. అన్నిటికన్నా పెద్ద తప్పు గొదాయ్‌ది. కొజుఎకి ఏళ్ల తరబడి నిజం చెప్పడు. చెడు ఉద్దేశం లేదు, ధైర్యం లేదంతే. కానీ ఆ అమ్మాయి జీవితంలో అన్నేళ్లు పోయాయన్నది మిగిలే ఉంటుంది. కథ దీన్ని సరదాగా తీసుకున్నంతగా నేను తీసుకోలేకపోయాను.

ఇంగ్లీషులో దీన్ని విజ్ మీడియా వేసింది. 2020 నుంచి వచ్చిన కలెక్టర్స్ ఎడిషన్ పది సంపుటాల్లో మొత్తం కథ ఉంటుంది. కొనేవాళ్లు అదే కొనడం మేలు. 1986 నుంచి 1988 దాకా టీవీలో వచ్చిన 96 ఎపిసోడ్ల ఆనిమే (యానిమేషన్ సీరియల్) కూడా మంచిదే, కానీ అదంతా చూసే తీరిక కష్టం. పుస్తకమైతే మీ వేగంతో నడుస్తుంది.

ఐ యోరి అఓషి

కోఉ ఫుమిజుకి గీసిన ఈ మాంగా 1998 నుంచి 2005 దాకా వచ్చింది. 17 సంపుటాలు. హనాబిషి కఓరు ఒక పెద్ద వ్యాపార కుటుంబం నుంచి తెగతెంపులు చేసుకుని వచ్చి ఒంటరిగా ఉంటూ కాలేజీలో చదువుకుంటున్నాడు. ఒకరోజు స్టేషన్‌లో కిమోనో కట్టుకున్న అమ్మాయి చెప్పు తెగిపోతే సాయం చేస్తాడు. ఆమె సకురాబా అఓయి. చిన్నప్పుడు పెద్దవాళ్లు ఇద్దరికీ పెళ్లి మాట అనుకున్నారు, తర్వాత కఓరు ఇల్లు వదిలేయడంతో అది రద్దయింది. కానీ ఆమె మాత్రం అతన్నే మనసులో పెట్టుకుని, ఇంట్లో చెప్పకుండా వెతుక్కుంటూ వచ్చింది.

జంట ఎవరన్నది మొదటి సంపుటంలోనే తేలిపోతుంది. ఈ తరహాకి ఇది చాలా పెద్ద ఊరట. మిగతా అమ్మాయిలు తర్వాత వస్తారు. ఇద్దరూ కలిసి ఉంటున్న సంగతి బయటపడితే పరువు పోతుందని, అఓయి ఒక పెద్ద బంగ్లాకి ఇంటి యజమానురాలిగా, కఓరు అక్కడ అద్దెకున్నవాడిగా నటించాలన్న ఏర్పాటు జరుగుతుంది. ఆ బంగ్లాలోకి ఒక్కొక్కరే చేరతారు. కాబట్టి ఇక్కడ ఉత్కంఠ "ఎవరు గెలుస్తారు" అని కాదు. దాచిన సంగతి ఎప్పుడు బయటపడుతుంది, బయటపడినప్పుడు ఎవరి మనసు విరుగుతుంది అని.

మనసు విరిగేది టీనాకి. టీనా ఫాస్టర్ అమెరికన్ అమ్మాయి, హకాటాలో పెరిగింది, ఆ ఊరి యాసలోనే మాట్లాడుతుంది. కాలేజీలో కఓరుకి స్నేహితురాలు. గోల చేస్తుంది, తాగుతుంది, అందరినీ నవ్విస్తుంది. అతన్ని ప్రేమిస్తోందని ఆమెకి తెలుసు, చెబితే స్నేహం కూడా పోతుందనీ తెలుసు. ఈ పుస్తకాన్ని నేను ఇతరులకి చెప్పడానికి సగం కారణం టీనాయే. గెలిచే అవకాశమే లేని పాత్రని రచయిత ఇంత శ్రద్ధగా గీయడం హరేమ్ మాంగాల్లో తరచుగా దొరకదు. కఓరు గతం కూడా బరువైనదే. తాత కొట్టిన దెబ్బల మచ్చలు అతని వీపు మీద ఉంటాయి. అఓయి ఆ మచ్చలు చూసే సన్నివేశంలో మాటలు చాలా తక్కువ, అవసరం కూడా లేదు.

మరి లోపం? అఓయియే. ఆమె వంట చేస్తుంది, బట్టలు మడతపెడుతుంది, అతని కోసం ఎదురుచూస్తుంది, అతనికి చిన్న కష్టం వస్తే కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఇల్లు వదిలి వచ్చేంత తెగువ చూపించిన మనిషి, వచ్చాక తనకంటూ ఏమీ కోరుకోదు. భర్త సుఖమే నా సుఖం అనే భార్యని మన పాత సినిమాల్లో చాలాసార్లు చూశాం. అప్పుడూ ఆ పాత్ర మీద జాలే కలిగేది. క్యోకో కోపం ఒక్క పేజీలో చెప్పినంత, అఓయి ఓర్పు ఒక సంపుటం మొత్తంలో చెప్పలేకపోయింది. బంగ్లా నిండాక ఆమె తన కథలోనే వెనక్కి జరిగిపోతుంది కూడా.

ఫ్యాన్ సర్వీస్, అంటే పాఠకుల్ని ఊరించడానికి ఒళ్లు చూపిస్తూ గీసే బొమ్మలు, ఎక్కువ. స్నానాల గది సన్నివేశాలు కథకి పనికొచ్చేవి ఒకటి రెండు, మిగతావన్నీ పత్రిక అడిగినందుకు పెట్టినట్టు ఉంటాయి. తర్వాత వచ్చే చికా, మయు వయసులో చిన్నవాళ్లు. వాళ్లని కూడా ఆ చూపుతోనే గీసిన పేజీలు ఉన్నాయి. వాటిని ఏ కారణంతోనూ సమర్థించను. అవి వచ్చినచోట పుస్తకం పక్కన పెట్టేసినవాళ్లని తప్పు పట్టను.

దొరకడం ఇంకో ఇబ్బంది. ఇంగ్లీషులో టోక్యోపాప్ వేసింది. ఆ సంస్థ 2011లో అమెరికాలో ప్రచురణ ఆపేసింది, కాబట్టి పాత ప్రతులు వెతుక్కోవాలి. అంత శ్రమ వద్దనుకుంటే 2002లో వచ్చిన 24 ఎపిసోడ్ల ఆనిమే చూడండి. అఓయి, కఓరుల కథలో మెత్తదనమంతా మొదటి కొన్ని ఎపిసోడ్లలోనే ఉంటుంది.

రెంట్-ఎ-గర్ల్‌ఫ్రెండ్

ఇప్పటి కుర్రాళ్లు ఎక్కువగా విన్న పేరు ఇదే. రెయ్‌జి మియాజిమా 2017 నుంచి గీస్తున్నారు, సంపుటాలు 35 దాటాయి. కినోషితా కజుయా ఇరవై ఏళ్ల కాలేజీ విద్యార్థి. నెల రోజుల ప్రేమ తర్వాత మామి అనే అమ్మాయి వదిలేస్తుంది. బాధలో ఫోన్‌లో ఒక యాప్ తెరిచి అద్దెకి గర్ల్‌ఫ్రెండ్‌ని బుక్ చేస్తాడు. గంటల లెక్కన డబ్బు తీసుకుని ప్రేయసిలా తోడు వచ్చే ఇలాంటి సేవలు జపాన్‌లో నిజంగానే ఉన్నాయి. వచ్చిన అమ్మాయి మిజుహరా చిజురు. అనుకోకుండా ఆసుపత్రిలో ఉన్న నానమ్మ ఆమెని చూసి, మనవడికి మంచి అమ్మాయి దొరికిందని మురిసిపోతుంది. అదే ఆసుపత్రిలో చిజురు అమ్మమ్మ కూడా ఉంది. పెద్దవాళ్లిద్దరి మొహాల్లో సంతోషం చూశాక నిజం చెప్పడం ఇద్దరివల్లా కాదు. ఆ అబద్ధం మీదే కథంతా నిలబడింది.

ఈ ఆలోచన చాలా మంచిది. ఒంటరితనానికి ధర కట్టి అమ్మే ఊళ్లో, డబ్బిచ్చి కొనుక్కున్న ఆప్యాయతకీ నిజమైనదానికీ తేడా ఎక్కడుందన్న ప్రశ్న ఈ కాలానిదే. చిజురు పాత్ర కూడా బలమైనది. నటి కావాలన్నది ఆమె లక్ష్యం, అద్దె పని ఆమెకి ఒక రకంగా నటనలో సాధన. పని మీద ఆమెకున్న పట్టుదల, డ్యూటీలో ఉన్నప్పటి నవ్వుకీ ఇంట్లో కళ్లజోడు పెట్టుకున్నప్పటి మొహానికీ మధ్య తేడా, ఇవన్నీ మియాజిమా చాలా శ్రద్ధగా గీశారు. బొమ్మల వరకు ఈ మూడింటిలో ఇదే ముందుంటుంది. మాట పెగలని సుమి అనే అమ్మాయి, అదే అద్దె పని చేస్తూ, కజుయాతో డేట్‌కి వెళ్లి సాధన చేసే అధ్యాయం నాకు చాలా ఇష్టం.

చిజురు అమ్మమ్మ కోసం కజుయా జనం దగ్గర చందాలు పోగుచేసి సినిమా తీయించే ఘట్టం ఈ మాంగాకి శిఖరం. అందులో కజుయా మొదటిసారి తన గురించి మానేసి ఇంకొకరి కోసం పని చేస్తాడు. అంతవరకు వచ్చిన అతని తప్పులన్నిటికీ అక్కడ ఒక అర్థం దొరుకుతుంది.

ఆ తర్వాత కథ మళ్లీ అదే చోట తిరుగుతుంది. చెప్పాలనుకుంటాడు, చెప్పలేడు, అధ్యాయం నిండా మనసులో మాట్లాడుకుంటాడు, చివరికి ఏదో ఒక చిన్న సంగతికి ఆశపడి ఆగిపోతాడు. ఒక సాయంత్రం గడవడానికి వారాల తరబడి పడుతుంది. గొదాయ్ కూడా ఏళ్లు తీసుకున్నాడు కదా అని మీరు అనొచ్చు. గొదాయ్ ఆ ఏళ్లలో చదువు పూర్తి చేశాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఒక వృత్తి నేర్చుకున్నాడు. కజుయా మాత్రం తన ఆలోచనల్లోనే ఉండిపోయాడు. పైగా చిజురు గురించి అతని ఊహల్లో చాలా వరకు ఆమె శరీరం చుట్టూనే తిరుగుతాయి. ఆమె వ్యక్తిత్వాన్ని అంత బాగా కట్టిన రచయితే, ఆ పేజీల్లో దాన్ని పక్కన పెట్టేస్తారు.

ఇక రుకా. ఆమె స్కూలు అమ్మాయి. కజుయా వెంటపడి, తాత్కాలికంగానైనా తననే గర్ల్‌ఫ్రెండ్‌గా చూడమని పట్టుబడుతుంది. అతను ఇష్టం లేకుండానే ఒప్పుకుంటాడు, తర్వాత అవునని అనడు, కాదని అనడు. మెజోన్ ఇక్కోకులో యగామి కూడా ఇలాగే వయసులో పెద్దవాడైన గొదాయ్ వెంట పడుతుంది. అక్కడ గొదాయ్ ఆమెని విద్యార్థినిగానే చూస్తాడు, దూరం పాటిస్తాడు. కథ కూడా ఆమె తొందరని ఆ వయసు తొందరగానే చూపిస్తుంది. ఇక్కడ రుకా బాధని కథ వాడుకుని వదిలేసింది. రెండు పుస్తకాల మధ్య నాకు కనిపించిన అతి పెద్ద దూరం ఇదే. ఇది కాలం మారినందువల్ల వచ్చింది కాదు. నలభై ఏళ్ల కిందటి పుస్తకమే ఈ విషయంలో ఎక్కువ బాధ్యతగా ఉంది.

మిగతావి, క్లుప్తంగా

ఓ మై గాడెస్! సంగతి చాలామంది అడుగుతారు. కొసుకె ఫుజిషిమా 1988 నుంచి 2014 దాకా మంత్లీ ఆఫ్టర్‌నూన్‌లో గీశారు, 48 సంపుటాలు. ఇంజినీరింగ్ విద్యార్థి కెయిచి ఫోన్ నంబరు తప్పు కలిపితే బెల్‌డాండీ అనే దేవత దిగివస్తుంది. ఆమె అక్కాచెల్లెళ్లు కూడా చేరతారు. మోటార్‌సైకిళ్లంటే ఇష్టమున్నవాళ్లకి ఇది పండగే, ఇంజిన్ల బొమ్మలు అంత బాగుంటాయి. ప్రేమ మాత్రం నత్త నడక. బెల్‌డాండీకీ అఓయికీ ఉన్న లోపం ఒకటే.

లవ్ హీనా 14 సంపుటాలు, 1998 నుంచి 2001. హరేమ్ కథల చరిత్రలో దానికి పెద్ద స్థానం ఉంది. ఇప్పుడు వయసొచ్చాక మొదటిసారి చదవబోయేవాళ్లకి నేను చెప్పను. హీరోని కొట్టి ఆకాశంలోకి ఎగరేసే హాస్యం త్వరగా మొహం మొత్తుతుంది, చిన్న వయసు పిల్లల్ని గీసిన తీరు ఇబ్బంది పెడుతుంది.

స్కూలు నేపథ్యమైనా ఫరవాలేదు, కట్టుదిట్టమైన ముగింపు కావాలి అనుకుంటే నెగి హరుబా క్వింటెసెన్షియల్ క్వింటప్లెట్స్ చదవొచ్చు. అచ్చుగుద్దినట్టుండే ఐదుగురు కవల అక్కాచెల్లెళ్లు, పెళ్లి రోజుతో కథ మొదలు, పెళ్లికూతురు ఎవరన్నది చివర్లో తెలుస్తుంది. 2017లో మొదలై 2020లో 14 సంపుటాలతో ఆగింది. ఎక్కడ ఆపాలో తెలిసిన రచయిత. వీ నెవర్ లెర్న్ ఇంకో దారి తొక్కింది. హీరోయిన్లలో ఒక్కొక్కరికీ ఒక్కో ముగింపు రాసింది. 1994లో కొనామి తెచ్చిన తోకిమెకి మెమోరియల్ లాంటి వీడియో గేముల్లో ఆడేవాడు ఎవరిని ఎంచుకుంటే కథ అటు వెళ్తుంది. ఆ పద్ధతే పుస్తకంలోకి వచ్చింది. ఎవరి అభిమానీ బాధపడడు. కానీ ఐదు ముగింపులు చదివాక ఏదీ జరిగినట్టు అనిపించదు.

ఎంచుకునేటప్పుడు

డబ్బు పెట్టి పుస్తకాలు కొనబోతున్నారా, అయితే ఆలోచించకుండా మెజోన్ ఇక్కోకు. పూర్తయిన కథ, కొత్త ప్రచురణ ఉంది, రెండోసారి చదివినా విలువ తగ్గదు. ముప్పై దాటినవాళ్లకి, ముఖ్యంగా ఒకసారి ఎవరినో పోగొట్టుకుని మళ్లీ జీవితంలోకి రావడం అంటే ఏమిటో తెలిసినవాళ్లకి, ఇంకో పేరు చెప్పను. మొదటి మూడు సంపుటాల హాస్యం పాతబడినట్టు అనిపించినా ఓర్చుకోండి. ఆ తర్వాత పుస్తకం గట్టిపడుతుంది.

ఆఫీసు నుంచి వచ్చి అలసిపోయి, ఎవరు ఎవరికి దక్కుతారో అన్న టెన్షన్ లేకుండా మెత్తని ప్రేమకథ కావాలనుకునేవాళ్లకి ఐ యోరి అఓషి సరిపోతుంది. ఆడవాళ్ల పాత్రలు సొంతంగా నిలబడాలని గట్టిగా కోరుకునేవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లొద్దు. టీనా ఒక్కతే ఆ లోటు తీర్చలేదు.

స్నేహితులంతా రెంట్-ఎ-గర్ల్‌ఫ్రెండ్ గురించి మాట్లాడుతుంటే చదవాలని మీకూ అనిపించడం సహజం. చదవండి, కానీ సినిమా ఘట్టం పూర్తయ్యేదాకా చదివి అక్కడ ఆపేయండి. అక్కడ ఒక పూర్తి కథ ఉంది, చిజురుకి తగిన గౌరవం కూడా ఉంది. ఆ తర్వాతి సంపుటాలు ఇప్పుడే కొనక్కర్లేదు. కథ నిజంగా ముగిసిందని తెలిసిన రోజున, ముగింపు ఎలా ఉందో చదివినవాళ్లని అడిగి అప్పుడు కొనుక్కోవచ్చు.

ఒకరినే ఎంచుకోవాలన్న నియమమే మీకు నచ్చకపోతే, హైస్కూలు పాత్రలు అడ్డు కాకపోతే, 100 గర్ల్‌ఫ్రెండ్స్ ఉంది. కథ రికితో నకమురా, బొమ్మలు యుకికో నొజావా. దేవుడి పొరపాటు వల్ల రెంతారో అనే అబ్బాయికి వందమంది ఆత్మబంధువులు రాసిపెట్టి ఉంటారు. కలిసినవాళ్లని ప్రేమించకపోతే వాళ్లు చనిపోతారు. అతను ఎవరికీ అబద్ధం చెప్పడు, అందరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు, అమ్మాయిల మధ్య స్నేహాలు కూడా పెరుగుతాయి. ఈ ఒక్క విషయంలో అది కజుయాకన్నా, గొదాయ్‌కన్నా కూడా నిజాయితీగా ఉంది. వెర్రి హాస్యం అన్నది దృష్టిలో పెట్టుకుని ఒక సంపుటం అరువు తెచ్చుకుని చూడండి. మొదటి సంపుటంలో నవ్వు రాకపోతే తర్వాతి వాటిలోనూ రాదు.